గోరువెచ్చని నీళ్ళు

వైద్యశిబిరం పెట్టే హాలు ఊడ్చి, బెంచీలు గోడవారకు జరిపింది ఆయమ్మ. తడిగుడ్డతో గచ్చు తుడుస్తూ వెనక్కి జరుగుతుంటే ఒంటికాలి చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు. పెద్దాసుపత్రిలో కాలు తీసేశాక మొగుడు నెల్లాళ్ళు ఇంట్లో అలాగే గెంతుతూ తిరిగి, పోయాడు. పోయినవాడు చప్పుడు మాత్రం వదిలేసిపోయాడు.

స్టవ్ మీద నీళ్ళు కాగాయి. చల్లార్చి, మోచెయ్యి ముంచి చూసుకుని, నీలం టబ్బులో పోసి మెట్ల దగ్గర పెట్టింది. వారం వారం వ్యానులో వచ్చే కుర్ర డాక్టరు, జనమంతా వెళ్ళాక నేలమీద గొంతుక్కూర్చుని, ఆమె మేజోడు విప్పి, అరికాలి పుండు కడిగి కట్టుకట్టేవాడు. అంతకుముందొచ్చిన వాళ్ళందరూ పెద్దాసుపత్రికి పొమ్మన్నవాళ్ళే. ఈయనొక్కడే "చూద్దాంలే అమ్మా" అన్నాడు. పుండు పూడుకొస్తోంది కూడా.

వ్యాను ఆగింది. దిగింది ఇంకో అబ్బాయి.

"ఆ బాబేడీ?" అని డ్రైవర్ని అడిగింది.

"ఎవరు, నీ దత్తపుత్రుడా? పోస్టింగ్ అయిపోయింది. బీదాబిక్కీని చూడ్డం నేర్చుకోమని మూణ్ణెల్లు తోలతారు వీళ్ళని. నేర్చుకోగానే వెనక్కి పిలిచేస్తారు."

"వచ్చే వారం చూస్తానన్నాడే."

"పోయేవాడు ఇంకేమంటాడు పిన్నీ?"

కొత్తాయన మంచివాడే. పసిపిల్లల్ని నవ్వించాడు, ముసలాళ్ళ సోదంతా విన్నాడు. జనం పలచబడ్డాక ఆయమ్మ కుంటడం కనిపెట్టాడు.

"కాలికేమైందమ్మా? విప్పండి, చూస్తాను."

ఆమె చెయ్యి మేజోడు దాకా వెళ్ళింది. చూశాక ఈయనా పెద్దాసుపత్రికి పొమ్మంటే? వెనకాల ఒంటికాలు ఒక్క గెంతు దగ్గరికొచ్చింది.

"బెణికింది బాబూ. తగ్గిపోయింది."

"మరి ఆ నీళ్ళెవరికి?"

"మీకే. చేతులు కడుక్కుంటారని."

"అయ్యో, నాకోసం కాచారా" అంటూ మొహమాటంగా నవ్వి, సబ్బు రాసుకుని మోచేతుల దాకా కడుక్కున్నాడు. వెళ్తూ, "వచ్చే వారం చూస్తాను" అన్నాడు.

ఆ తర్వాత ప్రతివారం ఆమె నీళ్ళు కాచింది. ప్రతివారం ఆయన చేతులు కడుక్కున్నాడు.

వానలు పట్టాక ఒకరోజు హాలు తాళం పక్కింటామె తీసింది. ఆయమ్మకు జ్వరం కమ్మేసిందని, పెద్దాసుపత్రికి తీసుకెళ్తామంటే తలుపు గడియేసుకుందని, మొన్న పోయిందని, కాలు మోకాలి దాకా నల్లబడిందని చెప్పింది. డాక్టరు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

మెట్ల దగ్గర నీలం టబ్బు బోర్లించి ఉంది. దాని మీద, ఉతికి ఆరేసిన మేజోడు ఒక్కటి.