ఎర్రప్ప తోటలో మొదటి నీళ్ళు

సుంకన్నకు కడుపుమంట. దాచేదేముంది, సోమందేపల్లెలో అందరికీ తెలిసిందే. ఇరవై రెండేండ్లుగా బోరు మోటార్లు చుట్టినోడు. కాలిపోయిన మోటారు ఏది తెచ్చినా లోపలి తీగంతా పీకేసి, కొత్త రాగితీగ చుట్టి బతికించి పంపేవాడు. అట్లాంటోడి షెడ్డుకు ఎదురుగ్గా జయచంద్ర అంగడి తెరిచినాడు. అన్నీ చైనా మోటార్లే. రిపేరుకయ్యే దుడ్లకే కొత్తది వస్తాంటే ఇంకెవరొస్తారప్పా సుంకన్న కాడికి?

కూలి పోయిందని కాదు వాని ఏడుపు. ఆ పక్క రైతులకు ఒక పద్ధతి ఉండాది. మోటారు బోరులోకి దించి స్విచ్చేసినాక, వచ్చే మొదటి నీళ్ళు చెంబులో పట్టి మెకానిక్కు చేతుల మీద పోస్తారు. ఆ తర్వాతే చెట్లకు. ఇప్పుడా నీళ్ళు జయచంద్ర చేతుల మీద పడతాండాయి. ఇస్త్రీ చొక్కా మడుచుకుని, ఉంగరాలు మెరిపించుకుంటా పోయించుకుంటాడు.

"స్క్రూ తిప్పడం రాదు నా కొడుక్కి! అట్టపెట్టె తెరిచినందుకు వానికి నీళ్ళా?" అని సుంకన్న పండ్లు కొరికేవాడు.

"నీ చేతిలో సెల్లు యాడిది? ఆ టార్చిలైటు యాడిది?" అనేది పెండ్లాం మారెక్క. "దేశమంతా చైనా నుంచి వచ్చినవాటితోనే బతుకుతాంటే, ఆ ఒక్కని మీద పడి ఏడుస్తావేందయ్యా?"

"నోరు ముయ్యే" అనేవాడు. ఇంకేమంటాడు?

అందరికన్నా ఎర్రప్ప ఆ అంగడికి పోవడం వానికి మరీ మంట. ఎర్రప్పకు మూడెకరాల చీనీ తోట, ఆరేండ్ల బత్తాయి చెట్లు. ఆయప్ప పాత మోటారును సుంకన్నే నాలుగు తడవలు చుట్టినాడు. ఆరు నెలల కింద దాన్ని జయచంద్రకిచ్చేసి కొత్తది తీసుకున్నాడు. జయచంద్ర దాన్ని పాత ఇనుము కింద అమ్మేసినాడు. అది విన్న సుంకన్న ఇనుపంగడికి పోయి ఆ మోటారు కొనుక్కొచ్చి, ఐదోసారి చుట్టి, గోనెపట్టాల కింద పెట్టినాడు. ఎందుకో మారెక్కకు కూడా చెప్పలే.

మే నెలలో ఒక పొద్దున ఎర్రప్ప కాలిన చైనా మోటారు ఆటోలో వేసుకుని పరుగున వచ్చినాడు.

"సుంకన్నా, కాయలు నిమ్మకాయంత అయినాయప్పా. నీళ్ళు లేకుంటే రాలిపోతాయి. ట్యాంకర్లు యాడ చాల్తాయి? దీన్ని చుట్టియ్యి."

సుంకన్న తిప్పి తిప్పి చూసినాడు. మూత వెల్డింగు చేసి మూసినారు. కోసి చూస్తే లోపలంతా మసి. "ఇది చుట్టేది కాదన్నా, పారేసేది. జయచంద్ర ఏమంటాడు?"

"ఆ సైజుది లేదంట. పెనుకొండలోనూ లేదు. సరుకు ఓడలో వస్తాండాదంట, మద్రాసులో దిగాలంట. అందరూ దానికోసమే కాచుకోనుండారు."

సుంకన్న చూపు గోనెపట్టాల మీదికి పోయింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ జయచంద్ర ఉంగరాలు గుర్తుకొచ్చినాయి.

"మొదటి నీళ్ళు ఎవరి చేతుల మీద పోసినావో, వాణ్ణే అడుగుపో" అన్నాడు.

ఎర్రప్ప మరుసటి దినం వచ్చినాడు. ఆ మరుసటి దినమూ వచ్చి, ఏమీ అడగకుండా షెడ్డు ముందర నిలబడి పోయినాడు. మూడోనాడు సాయంత్రం జయచంద్రే రోడ్డు దాటి వచ్చినాడు.

"అన్నా, నీ కాడ పాతది ఏదన్నా ఉంటే ఇయ్యి. నా పేరు పోతే పోనీ, చెట్లు ఎండిపోతాండాయి" అని చేతులు జోడించినాడు.

అబ్బ! ఎన్నాళ్ళకు! సుంకన్న కడుపు చల్లబడింది. అయినా ఇంకొంచెం చవి చూద్దామని, "రేపు చూద్దాంలే" అన్నాడు.

నాలుగోనాడు మోటారు తోటకు తీసుకపోయినాడు. జయచంద్ర కూడా వెంట వచ్చినాడు. చెట్ల కింద నేలంతా పచ్చి కాయలే, కాలు పెడితే చితుకుతాండాయి. మోటారును చూసి ఎర్రప్ప, "ఇది నాదే కదప్పా!" అని దాన్ని తడిమినాడు. పైపులు బిగించి దించినారు. స్విచ్చేసినారు. గాలి బుస్సుమని, బురద కక్కి, నీళ్ళు దూకినాయి.

ఎర్రప్ప కండ్లు తుడుచుకుని చెంబు పట్టినాడు. జయచంద్ర పక్కకు జరిగి నిలబడినాడు. సుంకన్న చేతులు చాపినాడు.

"ఎప్పుడు దొరికె నీకు ఇది? రాత్రంతా కూర్చోని చుట్టినావేమో పాపం" అన్నాడు ఎర్రప్ప.

జయచంద్ర వింటాండాడు. సుంకన్న ఛాతీ పొంగింది. "రాత్రి చుట్టేదేంది? నువ్వు వీనికిచ్చేసిన వారానికే కొనుక్కొచ్చి చుట్టి పెట్టినా. ఆరు నెలలుగా నా షెడ్డులోనే ఉండాది!"

ఎర్రప్ప చెంబు వంచబోయి ఆగినాడు.

"మొన్న నేను వచ్చినప్పుడు కూడా ఉండిందా?"

 ఎర్రప్ప సుంకన్న మొహం ఒకసారి, నేల మీది కాయలు ఒకసారి చూసినాడు.  పోయి, దగ్గరున్న చెట్టు మొదట్లో చెంబెడు నీళ్ళూ పోసినాడు. సుంకన్న చేతులు చాపినవి చాపినట్టే ఉండిపోయినాయి.