బాణం లేని విల్లు

“చక్రాలకి బొట్టు పెట్టొద్దంటే వినవేందమ్మా? కుంకం లోపలికి పోతే బిగుసుకుపోతయ్!”

“మీ నాన్న ట్రాక్టరు చక్రాలకి పెట్టలా? అదేమన్నా బిగుసుకుపోయిందా?”

లీలావతి చేతిలో కుంకుమ భరిణె, లహరి చేతిలో కాంపౌండ్ విల్లు. ఆయుధపూజ పీట దగ్గర తల్లీకూతుళ్ల వాదన ఎంతకీ తెగడం లేదు. నిరుడు ఈ గొడవ లేదు. అప్పుడు లహరి వేసేది వెదురు విల్లు. ఒళ్లంతా పసుపు పూసినా దానికేం కాలేదు. వేసవిలో కోచ్ బెంజిమిన్ మొదట కొసలు వంపు తిరిగిన రికర్వ్ విల్లు పట్టించి చూశాడు. ఆనక కాంపౌండ్‌కు మార్చాడు. దీనికి రెండు కొసలా చక్రాలు, గురి చూసుకోవడానికి అద్దం, బాణం వదలడానికి మీట. సోమవారం దీనితోనే రాష్ట్ర జట్టు సెలక్షన్లు.

చివరికి పిడికిలి పట్టే చోట ఒక్క బొట్టుకు ఒప్పుకుని, విల్లును పీట మీద ఉంచి, లహరి కొబ్బరికాయ కడగడానికి పెరట్లోకి వెళ్లింది.

“నారి మోగించొద్దా మరి?” అన్నాడు లహరి తాత బసవపున్నయ్య. నిరుడు పూజలో ఆయన వెదురు విల్లు నారిని కాస్త లాగి వదిలితే తుమ్మెదలా మోగింది. ఇంటిల్లిపాదీ నవ్వారు.

“మోగించండి మామయ్యా,” అంటూ లీలావతి హారతి పళ్లెం కోసం గోడ దగ్గర్నుంచి పక్కకు జరిగింది.

ఆ వయసులోనూ పత్తి కుక్కిన బోరెం ఎత్తే చేతులాయనవి. మొదట నారి కదల్లేదు. పళ్లు బిగించి లాగాడు. సగం దాటాక చక్రాలు తిరిగాయి; అంత బరువూ ఒక్కసారిగా మాయమైంది. ఆయన ఉలిక్కిపడి వేళ్లు వదిలేశాడు.

టైరు పేలినట్టు చప్పుడు.

విల్లు పిడికి పైన వంగే కొమ్మ లేదు. దాని ముక్క తగిలి గోడ పెచ్చు ఊడింది. ఇందాక లీలావతి నిలబడ్డ చోటు, సరిగ్గా ఆమె తల ఎత్తున. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. వాకిట్లో ట్రాక్టరు తుడుస్తున్న లహరి తండ్రి ఉపేంద్ర పరుగున వచ్చి, “నీకెందుకు నాన్నా ఇయ్యన్నీ...” అని అరవబోయి ఆగిపోయాడు.

బసవపున్నయ్య ఒక కన్ను చేత్తో మూసుకున్నాడు. వేళ్ల సందున నెత్తురు.

“నా కన్నుందా, అమ్మాయ్?”

గడపలో కొబ్బరికాయ వదిలేసి లహరి వచ్చి ఆ చేయి మెల్లగా తీసింది. చీరుకుంది కనుబొమ్మే.

“ఉంది తాతయ్యా. ఎన్ని వేళ్లు?”

“నీ మొహమే కనపడతంటే ఇంక వేళ్లెందుకే!”

“బాణం పెట్టకుండా వదిలితే ఆ బలమంతా విల్లుకే తగులుద్ది. గ్రౌండులో చంటిపిల్లలక్కూడా తెలుసు.” లహరి ముక్కలు ఏరింది. “మన ఇంట్లో ఎవరికి తెలుసు?”

మధ్యాహ్నం బూరెలు ఎవరూ ముట్టలేదు.

“సోమవారానికి బాగవుద్దా?” అడిగాడు ఉపేంద్ర.

“కాదు. ఆ కొమ్మలు ఇక్కడ దొరకవు.”

బసవపున్నయ్య కంచం పక్కకు నెట్టాడు. లహరి ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“బెంజిమిన్ సారుతో మాట్లాడా,” అంది నెమ్మదిగా, అందరికీ వినబడేలా. “వెదురు విల్లు పోటీకి పేర్లు ఇంకా తీసుకుంటన్నారంట. అద్దం ఉండదు, కంటితోనే గురి. సోమవారం దాంతోనే వేస్తా. అటక మీంచి దించు నాన్నా.”

కంచం మళ్లీ తాత ముందుకు జరిపింది.

“బొట్టు నువ్వే పెట్టు తాతయ్యా. లాగమాక, అంతే.”