మట్టి అంటని జెర్సీ

మా ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. మా వీధిలో సగంమంది ఆయన బిగించిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు. ఆయనకి మాత్రం ఫ్రిజ్‌లో కళ్ళెదురుగా ఉన్న పాలగిన్నె కనపడదు. నేను వెళ్ళి తీసి చేతికిస్తే "ఇందాక ఇక్కడ లేదు" అంటారు. అంటే ఆ గిన్నె ఆయన్ని చూసి దాక్కుని, నన్ను చూసి బయటికి వచ్చిందన్నమాట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చేసిన తప్పంటూ ఒక్కటి లేదు. దారి తప్పితే అది రోడ్డు తప్పు. కూర మాడితే పొయ్యి తప్పు. ఏదైనా మర్చిపోతే నేను గుర్తు చెయ్యకపోవడం తప్పు.

అలాంటి మనిషి ఈమధ్య షాపు పెందలాడే కట్టేసి, కూతుర్ని ఫుట్‌బాల్ ప్రాక్టీసుకి తీసుకెళ్తున్నారు. నేను చెప్పకుండా, పైగా నవ్వుతూ. అనుమానం రాదా మరి.

మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ గొంతు పెగిలేది కాదు. క్లాసులో టీచరు ప్రశ్న అడిగితే జవాబు చొక్కా కాలరుకి చెప్పుకునేది. వాళ్ళ నాన్న పిచ్చుక అని పిలుస్తారు. నలుగురిలో కలుస్తుందని పోయినేడు ఆటలో చేర్చాం. చేర్చాం అని మర్యాదకి అంటున్నాను. చేర్చింది ఆయన, మోసింది నేను.

ఆట పిల్లది, పరుగు ఇంటిల్లిపాదిదీ. ప్రాక్టీసు రోజున వంట ముందే అయిపోవాలి, తినడం మాత్రం తలొక వేళకి. హోంవర్కు కారు వెనకసీట్లో సాగుతుంది కాబట్టి రోడ్డు మీద గుంతలు ఎక్కడున్నాయో పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. బూట్లు కొనడం ఆలస్యం, పాదం పెరుగుతుంది. శనివారం మ్యాచ్‌కి తండ్రీ కూతుళ్ళు వెళ్తారు, నేను ఇంటిపనితోనే సరి, కాబట్టి మేం ఎవరింటికీ వెళ్ళం, ఎవర్నీ రమ్మనం. చుట్టాలందరూ మాకు గర్వం తలకెక్కిందనుకుంటున్నారు. లాభం లేదని మాత్రం అనను. పిల్ల మంచమెక్కగానే నిద్రపోతోంది, పెట్టింది తింటోంది, గోళ్ళు కొరకడం మానేసింది. ఇవన్నీ చూశాను. చూసి నోరు మూసుకున్నాను. పైకి అంటే గొప్పంతా ఆయన జేబులో పడుతుంది.

ఇక అసలు గొడవ. మొన్నటి వానల్లో, ఆ మట్టి బట్టలు ఉతికీ ఉతికీ మా వాషింగ్ మెషీన్ గొట్టం పూడుకుపోయింది. వంటింట్లో చెప్పులు తేలాయి. మెకానిక్ వచ్చి, గొట్టంలోంచి గడ్డీ మట్టీ కలిసిన ముద్ద ఒకటి లాగి నా చేతిలో పెట్టాడు. "ఇందులో విత్తనం వేస్తే మొలుస్తుందమ్మా" అన్నాడు. ఒళ్ళు మండింది. అతను వెళ్ళగానే ఆయన్నీ, పిల్లనీ, మా అత్తగారినీ ముగ్గుర్నీ నిలబెట్టి, "ఇక ఒక్క మట్టి గుడ్డ ఈ మెషీన్లో పడిందా, ఆ రోజుతో ఆట ఆఖరు" అన్నాను.

ఈ ఇంట్లో నేను రోజూ చాలా చెబుతాను. తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దంటాను, గదిలోంచి వెళ్ళేటప్పుడు లైటు ఆర్పమంటాను. ఏదీ ఎవరి చెవికీ ఎక్కదు. కోపంలో అన్న ఈ ఒక్క మాట మాత్రం ముగ్గురూ తుచ తప్పకుండా పాటించారని నాకు తర్వాత గాని తెలియలేదు.

నాకు తెలిసిందల్లా, అప్పటినుంచీ పిల్ల జెర్సీ తెల్లారేసరికి బట్టల బుట్టలో కడిగిన ముత్యంలా ఉండేది. మేజోళ్ళు వెళ్ళేటప్పటికంటే వచ్చాక తెల్లగా ఉండేవి. ప్రాక్టీసుకి వెళ్ళిన పిల్ల బట్టలు అలా ఉన్నాయంటే అర్థమేమిటి? పిల్లని ఆడించడం లేదు. బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. మళ్ళీ కాలరుతో మాట్లాడుకుంటూ ఓ మూల ఉంటోంది, వాళ్ళ నాన్న ఆ సంగతి నా దగ్గర దాస్తున్నారు.

కానీ మోచేతుల మీద గీతలున్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి మోచేతులు గీసుకుపోవు.

"ఏమిటే ఇది?" అన్నాను ఒకరోజు.

"గీసుకుపోయింది."

"అదే, ఎలా?"

"అలాగే" అని, పిల్ల వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన పేపరు వంక చూశారు. పేపరు తలకిందులుగా లేదుగాని, నిన్నటిది.

ఆ తర్వాత అన్నీ కంటపడసాగాయి. నేను గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ప్రాక్టీసు రోజున సరిగ్గా గేటు చప్పుడయ్యే వేళకి మా అత్తగారి మందుబిళ్ళలు కనపడకుండా పోయేవి. నేను ముందుగదిలో అలమర అంతా వెతికేలోగా తండ్రీ కూతుళ్ళు పెరటివైపు నుంచి లోపలికి వచ్చేసేవారు. బిళ్ళలు ఆవిడ దిండు కింద దొరికేవి. ఆ వెంటనే ఆవిడ స్నానానికి వెళ్ళేవారు. పొద్దున్నే స్నానం చేసే మనిషి, సాయంత్రం మళ్ళీ, అదీ నేను వంటంతా ముగించినా బయటికి రానంత సేపు. ఫ్యాను గాలికి కీళ్ళు పట్టేస్తాయని వేసవిలో కూడా గొడవ పెట్టే ఆవిడ, ఇప్పుడు చలిగాలిలో తలుపేసుకుని ఫ్యాను ఫుల్లుగా పెట్టుకుని పడుకుంటున్నారు. పెద్దతనం అనుకున్నాను. డిగ్రీ చదివినదాన్ని, తర్కం నాకూ ఒక పేపరు ఉండేది. అయినా అలాగే అనుకున్నాను.

జెర్సీ వాసన చూశాను. మా ఇంటి సబ్బుపొడి వాసన కాదు, బట్టల సబ్బు బిళ్ళ వాసన. అలాంటి బిళ్ళ వాడేది మా ఆడపడుచు. ఆవిడకీ నాకూ మాటల్లేవు. అంటే ప్రాక్టీసు పేరు చెప్పి ఈయన పిల్లని చెల్లెలింటికి తీసుకెళ్తున్నారా? అక్కడ తిని, ఆడుకుని, బట్టలు ఉతికించుకుని వస్తున్నారా? ఆ రాత్రి ఆయనకి కూర రెండోసారి వడ్డించలేదు. ఆయన గమనించలేదు.

రుజువు లేనిదే నోరెత్తకూడదని, పిల్ల నిక్కరు జేబులో ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టాను. ఇల్లు చూసుకునే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే, జేబులో కాగితం మరిచి ఉతికితే ఏమవుతుందో. మర్నాడు బుట్టలోంచి నిక్కరు తీసి జేబు తిరగేశాను. తెల్లటి పిండి రాలింది. ఎవరో శుభ్రంగా ఉతికి, ఆరబెట్టి, వాడినట్టు నలిపి మరీ బుట్టలో వేస్తున్నారు.

తర్వాతి ప్రాక్టీసు రోజున "టైలరు దగ్గరికి వెళ్తున్నాను, ఆలస్యమవుతుంది" అన్నాను. ముగ్గురి ముఖాలూ ఒక్కసారి వెలిగాయి. అంత సంతోషంగా నన్ను ఎప్పుడూ సాగనంపలేదు.

బస్సెక్కి తిన్నగా గ్రౌండుకి వెళ్ళాను. పొద్దున్న కురిసిన వానకి గ్రౌండంతా బురద. మా కారు అక్కడే ఉంది. ఆడపడుచు అనుమానం అక్కడితో కొట్టుకుపోయింది, కొంచెం నిరాశగా కూడా అనిపించింది. వాన లేకపోయినా గొడుగు తెరిచి, దాని వెనక నిలబడ్డాను. పక్కన హాస్పిటల్ డ్రెస్సులో ఒక నర్సమ్మ కూర్చుని, డ్యూటీ దిగిన కళ్ళతో బిస్కెట్లు తింటోంది.

నేను ముందు బెంచీ చూశాను. మా పిల్ల లేదు. పరిగెత్తేవాళ్ళలో చూశాను. లేదు. అప్పుడు గోల్ దగ్గర్నుంచి ఒక కేక వినిపించింది.

"ఎడమవైపు ఎవరూ లేరు, కనపడట్లేదా? ఎన్నిసార్లు చెప్పాలి? కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?"

ఆ మాటలు నాకు బాగా తెలుసు. రోజూ మా వంటింట్లో వినపడేవే, నా నోటినుంచి. ఈసారి మాత్రం తల నుంచి కాలి దాకా బురద పూసుకున్న ఒక బక్క పిల్ల నోటినుంచి వస్తున్నాయి. బంతి మూలకి దూసుకొచ్చింది. పిల్ల గాల్లోకి లేచి, దాన్ని పొట్టకి హత్తుకుని బురదలో పడి, ఇంత దూరం జారింది. నా గుండె కూడా దానితోపాటే జారింది. లేచి నిలబడి, మళ్ళీ ఎడమవైపు పిల్లని తిట్టడం మొదలుపెట్టింది.

"తిట్లు తినేది మా అమ్మాయే" అంది నర్సమ్మ. "ఆ గోల్ కాసే పిల్లని అందరూ గేటు అంటారు. అది మూసుకుందంటే ఇక ఏదీ లోపలికి పోదు. ఆ గొంతు వాళ్ళమ్మదట."

"అలాగా" అన్నాను గొడుగు కిందనుంచి.

"పెద్ద టీములోకి రమ్మన్నారు కోచ్ సారు. ఆదివారం కూడా ప్రాక్టీసుంటుంది. పిల్లకి ప్రాణం లేచొచ్చింది పాపం. కానీ వాళ్ళమ్మ ఒప్పుకోదని తండ్రి వద్దనేశాడు. ఈ సాయంత్రం దాకా చూసి వేరే పిల్లకిస్తారట ఆ చోటు."

"వాళ్ళమ్మని అడిగారా?"

"అడిగితే ఉన్న ఆట కూడా మాన్పిస్తుందట. మహా కఠినమైన మనిషి అనుకుంటా." బిస్కెట్ల పొట్లం నా వైపు చాపింది. "తీసుకోండి. మీ పిల్ల ఎవరు?"

"ఆ గేటు" అని, ఒక బిస్కెట్ తీసుకుని బస్సు కోసం వెళ్ళిపోయాను.

వాళ్ళకంటే ముందే ఇల్లు చేరాను. వెనక బాత్రూములో గీజరు గుర్రుమంటోంది. లోపల మా అత్తగారు పొగలు కక్కే బకెట్టు ముందు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చిన్న ముక్కాలిపీట మీద కూర్చున్నారు. చేతిలో సబ్బు బిళ్ళ.

నన్ను చూసి, "స్నానానికమ్మాయ్" అన్నారు. "ఒళ్ళు నొప్పులు."

"బట్టల సబ్బుతోనా అత్తయ్యా?"

ఆవిడ సబ్బు వంక చూసుకున్నారు. "కొట్టువాడు ఏదిచ్చాడో ఏమో."

నేను ఖాళీ బకెట్టు ఒకటి బోర్లించి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ చేతివేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడ్డాయి. రాత్రంతా ఫ్యాను ఏ బట్టల కోసం తిరుగుతోందో అప్పుడు అర్థమైంది.

"మీ కీళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాను.

"పోయాయి" అన్నారు ఆవిడ. "అయినా పిల్ల ఆట పోవడం కంటే నయం కదా."

పెరటి తలుపు చప్పుడైంది. "నానమ్మా, త్వరగా. అమ్మ టైలరు దగ్గర్నుంచి వచ్చేస్తుంది" అంటూ పిల్ల గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. వెనక వాళ్ళ నాన్న, ఒక చేతిలో బూట్లతో. బూట్లు వీపు వెనక్కి వెళ్ళాయి.

"జారిపడింది" అన్నారాయన. "దారిలో."

"జారుతూ జారుతూ బంతి కూడా ఆపిందా?"

గీజరు సరిగ్గా అప్పుడే ఆగింది.

పిల్ల జెర్సీ అంచు పట్టుకుని నలుపుతోంది. కాలరు దగ్గర పెదాలు కదిలాయి.

"కాలరుకి కాదు, నాకు చెప్పు" అన్నాను. "గ్రౌండులో ఉన్న గొంతు ఇంట్లో ఏమైంది?"

అది తలెత్తింది. "నాకు ఆదివారం కూడా ఆడాలని ఉందమ్మా. పెద్ద టీములో. నేను ఈ రోజు ఎన్ని ఆపానో తెలుసా నీకు?"

"కొన్ని చూశాను. మరి అడగలేదేం నన్ను?"

"నువ్వు మాన్పించేస్తావని."

"అలా అని ఎవరన్నారు?"

పిల్ల తండ్రి వైపు చూసింది. మా అత్తగారు కొడుకు వైపు చూశారు. నేను చూడాల్సిన పని లేకపోయింది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. షాపుకి వచ్చినవాళ్ళకి అలా తుడవొద్దని చెప్పేది ఆయనే. "మెషీన్ దగ్గర నువ్వే కదా అన్నావ్" అన్నారు.

"మట్టి గుడ్డ మెషీన్లో వెయ్యొద్దన్నాను. మట్టి ఆరాక దులిపి, చన్నీళ్ళలో జాడించి వేస్తే ఏ గొట్టమూ పూడదు. ఆ మాత్రం నన్ను అడగడానికి నోరు రాలేదా? ఈవిడ చేత సాయంత్రాలు బట్టలు ఉతికించారు. ఆ పిల్లకి వచ్చిన చోటు నా పేరు చెప్పి వదిలేయించారు. అక్కడ ముక్కూ ముఖం తెలియనివాళ్ళ ముందు నేను కఠినమైన మనిషినైపోయాను."

"అది కాదు, పరిస్థితి అలా వచ్చి..."

"పరిస్థితికి ఫోనుందా? లేదుగా. మీకుంది. కోచ్‌కి చెయ్యండి."

"ఆదివారం కూడా ఆటైతే మనకి కలిసి తినే పూటే ఉండదు" అన్నారు, దారి దొరికినట్టు.

అది నిజమే. ఆ మాట నా మనసులోనూ ఉంది. బస్సులో అంతా దాన్నే లెక్కలు కట్టుకుంటూ వచ్చాను. ఉన్న ఒక్క ఆదివారం కూడా బూట్ల పాలవుతుంది. కానీ పిల్ల నా ముఖంలోకి, బంతి ఎటు వస్తుందో చూసినట్టు చూస్తోంది.

"ఆదివారం వంట మీది" అన్నాను. "డబ్బాల్లో సర్దుకుని గ్రౌండుకి తెస్తే అందరం అక్కడే తిందాం. గిన్నెలెక్కడున్నాయని నన్ను అడక్కూడదు."

"వాడు వండితే నేను తినాలా?" అన్నారు మా అత్తగారు. "ఇంతకంటే బట్టలు ఉతకడమే నయం."

ఆయన ఫోను తీశారు. అత్తగారు సబ్బు చేత్తోనే వేలు చూపించి, "స్పీకరు పెట్టు నాయనా, నాకు సరిగ్గా వినపడదు" అన్నారు. ఆవిడ చెవులు పక్కింటి పోట్లాటలు కూడా వినగలవు.

"సార్, గేటు వాళ్ళ నాన్నని" అన్నారాయన. "ఆ పెద్ద టీము సంగతి. మా అమ్మాయి ఆడుతుంది."

"సంతోషమండీ" అంది కోచ్ గొంతు. "సరిగ్గా ఇప్పుడే వేరే అమ్మాయి వాళ్ళకి ఫోన్ చెయ్యబోతున్నా. మరి మీ ఆవిడ ఒప్పుకోరన్నారు కదా? తర్వాత మళ్ళీ ఇబ్బంది రాకూడదు."

"అంటే... ఇంట్లో కొంచెం... మాటలు అటూ ఇటూ అయ్యి..."

"అర్థం కాలేదండీ."

ఆయన నా వైపు చూశారు. నేను బోర్లించిన బకెట్టు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. పిల్ల బురద చెయ్యి వాళ్ళ నాన్న మోచేతి మీద వేసింది. గోల్ ముందు నిలబడ్డ గొంతుతో, "గట్టిగా చెప్పు నాన్నా" అంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. గోడకేసి చూశారు, గీజరుకేసి చూశారు. వాటి మీదికి నెట్టడానికి ఏమీ దొరకలేదు.

"ఆవిడ ఒప్పుకోకపోవడం ఏం లేదండీ. నేను అసలు అడగలేదు. తప్పు నాదే."