సోఫా వెనక గొంతు

మా సినిమాని జనం ఏకిపారేశారు. నాకేం బాధ లేదు, కథ అలాంటిది. సౌండు మాత్రం నా పని. "ఈ సినిమాలో సోఫా కూడా డైలాగులు చెబుతుంది" అని రాసినవాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

ఆ సోఫా వెనక కూర్చున్నది మా పెద్దాయన భార్య. పెద్దాయనంటే నలభై ఏళ్లుగా తండ్రి వేషాలు వేసిన నటుడు. మతిమరుపు జబ్బు మొదలైంది. బయటపడితే వేషం పోతుందని, దర్శకుడికీ నాకూ మాత్రం చెప్పి, ఆవిడ సోఫా వెనక చాప వేసుకుని డైలాగులు అందించింది. ఆవిడ మెల్లగా అనడం, ఆయన గట్టిగా అనడం. షూటింగులో రికార్డు చేసిన మాట డబ్బింగుకి గుర్తు కోసమే కదా, తర్వాత ఆయనే స్టూడియోలో మళ్లీ చెబుతాడు, అప్పుడు ఆవిడ గొంతు పోతుందిలే అనుకున్నాం.

చివరి రోజు, కూతురి వేషం వేసిన అమ్మాయి గుమ్మంలోకి రాగానే ఆయన "ఎప్పుడొచ్చావమ్మా?" అనాలి. ఆవిడ అందించింది. ఆయన అమ్మాయిని చూడనేలేదు. సోఫా వెనక్కి వంగి, "ఏమే, నువ్వు తిన్నావా?" అన్నాడు. పొద్దుట్నుంచీ ఆవిడకి ఎవరూ పళ్లెం ఇవ్వలేదు. అక్కడున్నట్టే తెలియని మనిషికి ఎవరిస్తారు? తెలిసిన నాకూ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో టేకు ఆయన వల్ల కాలేదు. వంగాడు కాబట్టి మొహం కనబడదు, తర్వాత ఏ మాటైనా అతుకుతుందన్నాడు దర్శకుడు.

డబ్బింగు నాటికి ఆయనకి మాట పూర్తిగా పడిపోయింది. భార్యని కూడా ఎవరో అన్నట్టు చూసేవాడు. నిర్మాత వేరే గొంతు పెట్టమన్నాడు. అన్ని సీన్లకీ పెట్టాను. ఆయన సోఫా వెనక్కి వంగిన ఆ ఒక్క సీనూ మిగిలుండగా ఆవిడ స్టూడియోకి వచ్చింది.

"ఆయన నన్నడిగిన ఆఖరి మాట అదే బాబూ. హాల్లో ఒక్కసారి వింటాను. తర్వాత నీ ఇష్టం."

ఆయన గొంతులోంచి ఆవిడ గొంతు విడదీద్దామని మూడు రోజులు కుస్తీ పట్టాను. ఆవిణ్ణి తీస్తే ఆయనా పోతున్నాడు. ఇద్దర్నీ అలాగే వదిలేశాను. నిర్మాతకి చెప్పలేదు.

మొదటి ఆటకి వాళ్లిద్దరి వెనక వరసలో కూర్చున్నాను. ఆ సీన్లో ప్రతి మాటా రెండుసార్లు వినబడేసరికి హాలు గొల్లుమంది. ఎవడో తనూ అందించడం మొదలుపెట్టాడు. వాడి పీక నొక్కాలనిపించింది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, చెవులు రిక్కించి కూర్చుంది.

తెర మీద ఆయన వంగాడు. "ఏమే, నువ్వు తిన్నావా?"

జనం విరగబడి నవ్వారు.

"తిన్నానండీ," అంది ఆవిడ చీకట్లో, పక్కకి తిరిగి.

ఆయన తలుపు మీది ఎర్రదీపం కేసి చూస్తున్నాడు.

నేను హాలు మెట్లు దిగకముందే నిర్మాత ఫోను చేసి నానా మాటలూ అన్నాడు. సాయంత్రానికల్లా ఆ సీన్లో వేరే గొంతు పెట్టాను. "ఎప్పుడొచ్చావమ్మా?" చక్కగా అతికింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.