నాన్న వదిలేసి వెళ్ళిన దగ్గు

ఆ సైన్సు మ్యూజియంలోకి పిల్లాపాపలతో వచ్చేవాళ్ళెవరైనా ముందు చెప్పులు తుడుచుకోవాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాత ఎడమవైపు కౌంటర్లో సంచులూ దగ్గులూ అప్పజెప్పి లోపలికి వెళ్ళాలి. పరుగెత్తకూడదని, అద్దాలకు ఆనుకోకూడదని, పిల్లల చెయ్యి వదలకూడదని గోడ మీద పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది గానీ ఎవరు చదివారు గనక! దగ్గుల సంగతి మాత్రం ఎవరికీ చెప్పక్కర్లేదు. జలుబు చేసిన పిల్ల రేకు డబ్బా మీదికి వంగి రెండుసార్లు దగ్గుతుంది. కౌంటర్ మనిషి టక్కున మూత పెట్టి నంబరు బిళ్ళ చేతికిస్తుంది. పిల్ల హాయిగా లోపలంతా తిరిగొచ్చి, పోయేటప్పుడు బిళ్ళ ఇచ్చి తన దగ్గు తాను తీసుకుపోతుంది.

ఆ కౌంటర్లో కూర్చునే ఆవిణ్ణి అందరూ దగ్గులక్క అంటారు. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. పదకొండేళ్ళయ్యాక ఇప్పుడు అలా పిలవకపోతేనే పలకడం లేదు. డబ్బాల మూతలకు చిన్న చిల్లులుంటాయి, దగ్గుకైనా గాలాడాలి కదా మరి. చంటిపిల్లల దగ్గులు పై అరలో పెడుతుంది, సిగరెట్లు కాల్చేవాళ్ళవి కింది అరలో. బడి ఎగ్గొట్టడానికి తెచ్చిపెట్టుకున్న దగ్గులైతే డబ్బాలో పడగానే కిక్కురుమనవు. ఆ సంగతి తల్లులకు చెప్పదు ఆవిడ. ఆ మాత్రం దయ ఉంది.

ఆదివారాలు ఆవిడ కూతుర్ని తాతే మ్యూజియానికి తీసుకొస్తాడు. తాతంటే దగ్గులక్క నాన్న. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి, పట్టిన పట్టు విడవని మొండిఘటం. ఆయన భార్య దగ్గుతోనే పోయింది. దుమ్ము దగ్గే, అదే తగ్గుతుందిలే అంటూ ఏడాది నెట్టుకొచ్చి, తీరా ఆస్పత్రికి తీసుకెళ్తే ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని అడిగారు. ఆ మాట ఆయన గుండెలో దిగబడిపోయింది. తన మీద తనకున్న కోపాన్నంతా తీసుకెళ్ళి ఆస్పత్రుల మీద పెట్టాడు. నాలుగేళ్ళుగా డాక్టరు పేరెత్తితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోతాడు.

ఈ రెండు నెలల్నుంచీ ఆయనకి దగ్గొస్తోంది. కూతురు ఇంట్లో ఉన్నప్పుడు మింగేసేవాడు, బయటికెళ్ళి మేడమెట్ల కింద దగ్గి వచ్చేవాడు. ఆ ఆదివారం మాత్రం గేటు దగ్గరే పట్టుబడ్డాడు. తాతకి దగ్గొస్తోందని మనవరాలు నలుగురిలో చెప్పేసింది. గార్డు ఆపేశాడు, ఎవరికైనా ఒకటే రూలన్నాడు. ఆయన మొహం పక్కకి తిప్పుకుని కూతురు పట్టుకున్న డబ్బాలో దగ్గాడు.

మూత పెడుతుంటే దగ్గులక్కకి స్పష్టంగా వినబడింది. రెండు పొడి దగ్గులు, చివర సన్నగా ఈలలాంటి మోత. అది ఆవిడ ఏడాదిపాటు పక్కగదిలోంచి విన్న మోతే. వెనక క్యూ పెరిగిపోతోంది. బిళ్ళ ఆయన చేతిలో పెట్టి పంపేసింది.

లోపల ఆయన సంబరం చూడాలి! మనవరాలితో పోటీపడి మూడంతస్తులూ ఎక్కాడు, నక్షత్రాల గదిలో వెల్లకిలా పడుకున్నాడు, ఒకదాని దగ్గర గుసగుసలాడితే రెండోదాని దగ్గర వినిపించేలా హాలుకి ఆ చివరా ఈ చివరా పెట్టిన పెద్ద పళ్ళేల దగ్గర నిలబడి పిల్లతో రహస్యాలు చెప్పుకున్నాడు. సాయంత్రం పిల్ల చెయ్యి పట్టుకుని వెనక గుమ్మంలోంచి చల్లగా జారుకున్నాడు. కూతురు ఇంటికొచ్చి అడిగితే మర్చిపోయానన్నాడు. పోతే పోనీ, దాన్నెవడు వెతుక్కుంటూ వెళ్తాడని నవ్వాడు కూడా.

ఎవరూ తీసుకెళ్ళని దగ్గుల్ని సోమవారం పొద్దున మ్యూజియం డాబా మీంచి వదిలేస్తారు. సెలవురోజు కాబట్టి తుడిచేవాళ్ళూ గార్డులూ టీ గ్లాసులతో పైకెక్కి చూస్తారు. మూతలు తియ్యగానే అవి ఖళ్ళుఖళ్ళుమంటూ ఇళ్ళ కప్పుల మీదుగా పోయి, ఎక్కడో మబ్బుల్లో సద్దుమణుగుతాయి. జలుబు దగ్గులకైతే అది మంచిదే. నాన్న ఛాతీలో ఉన్నది మాత్రం దగ్గుతోపాటు ఎగిరిపోయేది కాదని దగ్గులక్కకి తెలుసు. అమ్మ విషయంలో దగ్గైనా ఉంది, వాళ్ళే వినిపించుకోలేదు. ఇది కాస్తా పోతే నాన్నకి ఆ హెచ్చరికా ఉండదు, లోపలిది లోపలే పెరిగిపోతుంది. ఆ భయంతో తెల్లారేదాకా కన్నుమూయలేదు ఆవిడ.

పొద్దున్నే పరుగున డాబా ఎక్కేసరికి సూపర్‌వైజరు అప్పటికే మూడు డబ్బాలు ఖాళీ చేశాడు. నాలుగోది, నాన్నది, చేతిలో ఉంది. అది ఇమ్మంటే ఆయన రూల్సు పుస్తకం తీశాడు. దగ్గిన మనిషికైనా ఇవ్వాలట, ఇంటివాళ్ళకైనా ఇవ్వాలట.

"ఈయన మీకేమవుతారు?" అన్నాడు.

"మా నాన్న సార్."

ఆయన మరో ప్రశ్న వెయ్యలేదు. సంతకం చేయించుకుని, బస్సులో మూత తియ్యకమ్మా అని మాత్రం చెప్పాడు. రోజుకి వందమందికి డబ్బాలు తిరిగిచ్చే ఆవిడ ఈ డబ్బాని కొంగులో చుట్టుకుని మెట్లు దిగింది.

డాక్టరమ్మ గదిలో నర్సు పేషెంటెక్కడని అడిగితే దగ్గులక్క డబ్బాని కుర్చీలో పెట్టింది. డాక్టరమ్మ మూత మీద స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు వింది. డబ్బాని అటు తిప్పించి వీపువైపు కూడా వింది.

"ఇంకా మొదట్లోనే ఉంది. ఆర్నెల్లు మందులు వాడితే నయమైపోతుంది," అంది. "కానీ మందులు డబ్బా మింగదు కదమ్మా. మనిషిని తీసుకురా. ఆలస్యం చేస్తే మాత్రం నేను మాటివ్వలేను."

ఇంటికొచ్చేసరికి నాన్న కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి బొమ్మకారుకి చక్రం బిగిస్తున్నాడు. పిల్ల బడికెళ్ళింది. దగ్గులక్క చెప్పాల్సిందంతా చెప్పింది, బతిమాలింది, చివరికి ఏడ్చింది. దగ్గే లేని మనిషికి మందేమిటని ఆయన స్క్రూ తిప్పుకుంటూనే ఉన్నాడు. ఇక చేసేది లేక డబ్బా ఆయన ఒళ్ళో పెట్టి, మూతని వెంట్రుకవాసి ఎత్తి పట్టుకుంది.

రెండు పొడి దగ్గులు. చివర సన్నటి ఈల.

స్క్రూ తిప్పే చెయ్యి ఆగిపోయింది. ఆయన చప్పున పక్కగది వైపు తిరిగాడు. అక్కడ మంచం తీసేసి నాలుగేళ్ళయింది. మళ్ళీ డబ్బా వైపు చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీ అమ్మ దగ్గు ఇన్నాళ్ళూ దాచిపెట్టావా తల్లీ?" అన్నాడు. "నాకొక్కసారైనా వినిపించలేదేం?"

"అమ్మది కాదు నాన్నా. నీదే."

ఆయన మూత గట్టిగా నొక్కి, డబ్బాని కిటికీలో పెట్టాడు. తర్వాత లేచి కొక్కేనికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంటుంటే కూతురు దగ్గరికొచ్చి సరిచేసింది. ఎప్పుడూ విదిలించుకునే మనిషి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

"ఆ డాక్టరమ్మ ఎన్నింటిదాకా ఉంటుంది?" అని అడిగాడు.