హైమవతి మూర

పెరట్లో చెక్క అరుగుకి పదిహేడు పలకలు. భూషణం పొద్దున్నే ఒకటి పీకి కొత్తది బిగించగానే పద్దెనిమిది అవుతాయి. ఇంకోటి మారిస్తే పంతొమ్మిది. పెరడు పెరగలేదు, ప్రహరీ గోడ ఉన్నచోటే ఉంది. అరుగొక్కటే లోపల్లోపల సాగుతోంది.

సాగితే సాగింది, మన సొమ్మేం పోయింది అనుకోవచ్చు. కానీ అవతలి కొసన హైమవతి ఉంది, ఆయన పెళ్ళాం. పాత చీర పరిచి మినప వడియాలు పెడుతోంది. పొద్దున నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి ఇప్పుడు బొటనవేలంత కనిపిస్తోంది.

వడ్రంగిని పిలవమని ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంది. వింటేగా! భీమిలి ఉప్పుగాలికి పుచ్చిన నాలుగు చెక్కలు మార్చడానికి ఇంకొకడెందుకు, నా చేతులేమన్నా పడిపోయాయా అన్నాడు. ఈయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

"పప్పు చల్లారిపోతోంది, రండీ!" అంటుంది హైమవతి. ఆ మాట ఇవతలికి చేరేలోగా ఆయన మూడు మేకులు కొట్టేస్తాడు. నాలుగో మేకు సగం దిగాక ఆపేస్తాడు. సుత్తి పడేసి ఆవిడ వైపు పరిగెడతాడు. ఎంత పరిగెత్తినా కాలికింద అదే మేకు. భయం వేస్తుంది ఆయనకి, నిజంగానే వేస్తుంది.

గోడ మీంచి వడ్రంగి సూరాచారి తొంగిచూస్తాడు.

"ఎవరి మూరతో కొలిచారు బాబూ?"

"నా మూరతోనే. నా ఇల్లు కదా!"

"అదీ సంగతి. ఈ అరుగు కట్టింది మా నాన్న. అమ్మగారి మోచెయ్యి పెట్టి కొలిచాడు. మీ మూర రెండు వేళ్ళు ఎక్కువ. ఆ ఎక్కువంతా ఎక్కడికి పోతుంది? మీ ఇద్దరి మధ్యా చేరుతుంది."

"ఇప్పుడేం చెయ్యను?"

"అమ్మగారి చెయ్యి తెప్పించుకోండి" అని దిగిపోతాడు.

"హైమా! నీ చెయ్యి కావాలే!" అని అరుస్తాడు భూషణం. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిణ్ణి సాయం అడగడం ఇదే మొదలు.

"ముందే అడగొచ్చుగా!"

కాసేపటికి పలకల మీద గాజుల చప్పుడు. పిండి అంటిన చెయ్యి ఒక్కటే, మోచేతి నుంచి వేలికొస దాకా పడుకుంటూ లేస్తూ, గొంగళిపురుగులా అరుగుని కొలుచుకుంటూ వస్తోంది. వచ్చి ముందు ఆయన నుదుటి చెమట తుడుస్తుంది.

ఆ తర్వాత పలకల జోలికి పోదు. ఆయన్నే కొలుస్తుంది, మాడు నుంచి మడమ దాకా. సరిగ్గా నాలుగు మూరలు. ఆయన ఆఖరున పీకిన పలక తాలూకు ఖాళీని వేలితో చూపిస్తుంది.

"అక్కడా?" అంటాడు. చెయ్యి సుత్తి అందుకుంటుంది.

భూషణం వెల్లకిలా పడుకుంటాడు. సందు లేకుండా సరిపోతాడు. మేకులు నొప్పి లేకుండా దిగుతాయి. అవతలి కొస నుంచి మెట్టెల చప్పుడు మొదలవుతుంది. ఒక్కో పలకా దాటుకుంటూ దగ్గరవుతోంది. ఆయన లెక్కపెడుతున్నాడు. పదహారు దాటి ఆగుతుంది.

"ఏవండీ, ఈ పలక గట్టిదేనా?" అంటుంది హైమవతి, ఆయన గుండె మీద కాలు మోపబోతూ.

ఎక్కడ కిర్రుమంటానోనని భూషణం ఊపిరి బిగబడతాడు.