ఆయన ముద్ద

వెంకటరావమ్మగారింట్లో పొద్దున్నే పొయ్యి మీదికి పెద్ద గిన్నె ఎక్కిందంటే కొడుకు శ్రీకృష్ణ సైకిలు యాత్ర దగ్గరపడిందని వీధిలో అందరికీ తెలిసిపోయేది. కిలో బియ్యం, అవీ బాగా పాలిష్ పట్టిన తెల్లటి బియ్యం, మెత్తగా వండి పళ్ళెంలో గుట్టగా పోసేది. పక్కన ఉడికించిన బంగాళాదుంపలు, చక్కెరకేళీలు, చెంబునిండా బెల్లం పానకం. పప్పు లేదు, గోంగూర లేదు, నెయ్యి చుక్క లేదు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న ఇల్లు అది. గుమ్మంలో అడుగు పెడితేనే ఘాటుకి తుమ్ములొస్తాయి. యాత్రకి ముందు మూడు రోజులూ వంటింట్లో మాత్రం ఎండుమిరపకాయ కనపడకూడదు. పళ్ళెం ముందు కోడలు మాధురి కూర్చునేది. ఎదురుగా పీట వేసుకుని అత్తగారు. శ్రీకృష్ణ సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోను చూసుకునేవాడు.

తినేది మాధురి, కడుపు నిండేది శ్రీకృష్ణకి.

పిల్లలకి అన్నం పెడుతూ ఇది నాన్న ముద్ద, ఇది తాత ముద్ద అని మరిపించని తల్లి ఎక్కడుంది? మాధురి విషయంలో ఆ ముద్దలు నిజంగానే వెళ్ళేవి. చీమకుర్తి దగ్గర పల్లెలో పత్తిచేలో మందు కొడుతున్న తండ్రి యలమందయ్యకి ఉన్నట్టుండి త్రేన్పు వచ్చేది. “పిల్ల అన్నానికి కూర్చున్నట్టుంది” అనుకుని, క్యారేజీ విప్పకుండా సాయంత్రం దాకా పని చేసుకునేవాడు. పిల్ల ఎండిపోతోందని తల్లి కనిపెట్టి ఆ మురిపాలు మాన్పించింది. ఎవరి పేరూ తలుచుకోకుండా మింగితే తిన్నది తన ఒంటికే పట్టేది. పెళ్ళిచూపుల నాడు యలమందయ్య ఈ సంగతి దాచలేదు. పిల్లకి మెల్లకన్నుందని చెప్పినట్టు తల దించుకుని చెప్పాడు పాపం. వెంకటరావమ్మ కళ్ళు మెరిశాయి. ఎందుకు మెరిశాయో ఆయనకి అర్థమై ఉంటే వచ్చినవాళ్ళని కాఫీలైనా ఇవ్వకుండా పంపించేసేవాడు.

దూరం సైకిలు తొక్కేవాళ్ళు ముందు మూడు రోజులూ కండల నిండా పిండిపదార్థం కూరుకోవాలి. శ్రీకృష్ణ వాళ్ళ క్లబ్బులో అందరూ ఆ పాట్లు పడతారు. ఇడ్లీలు, అటుకులు, అన్నం కుక్కుకుని పొట్ట ఉబ్బి ఆయాసపడతారు. దారిలో కూడా జేబుల్లో ఖర్జూరాలు, అరటిపళ్ళు మోసుకుంటూ, హోటళ్ళ దగ్గర ఆగుతూ పోతారు. ఈ మహానుభావుడికి ఆ బాధలేవీ లేవు. స్నేహితుడు జయపాల్ చిలకలూరిపేటలో ఇడ్లీ పొట్లం విప్పేసరికి ఈయన ఊరు దాటిపోయి ఉండేవాడు. ఆ సుఖం మరిగాక ఇంట్లోనూ తినడం మానేశాడు. నమలడం టైము దండగన్నాడు. కాఫీ, నీళ్ళు తప్ప ఏడాదిన్నరగా ఆయన నోట్లోకి ఏదీ పోలేదు. మిగతాదంతా పెళ్ళాం చూసుకునేది.

ముద్ద గొంతు దిగగానే మాయమైపోయేది. కానీ దవడలు మాధురివే, గొంతు మాధురిదే. కిలో అన్నం నమిలాక తనకోసం నాలుగు మెతుకులు తిందామన్నా నోరు తెరుచుకునేది కాదు. పళ్ళెం ముందు నుంచి ఆకలితో లేచేది.

“రుచంతా నీదేగా, ఇంకేం కావాలే నీకు?” అనేది అత్తగారు. ఉప్పులేని బంగాళాదుంపల రుచి.

ఆవిడకి ఇంకో పట్టింపుంది. ఆడది మొగుడి పేరు నోటితో అంటే వాడి ఆయుష్షు తగ్గుద్దని నమ్మకం. పేరు మనసులో తలుచుకోవాలి, పైకి మాత్రం “ఆయన ముద్ద” అనాలి. ముద్దముద్దకీ అనాలి. అనడం మరిచిపోతే ముంజేతి మీద అట్లకాడ పడేది.

పోయినేడు నాలుగు వందల కిలోమీటర్ల యాత్రకి ఇలాగే మూడు రోజులు తిన్నది మాధురి. అప్పుడామెకి మూడో నెల. శ్రీకృష్ణ నవ్వుకుంటూ తిరిగొచ్చిన సాయంత్రమే ఆమె కడుపు పోయింది. ఒంట్లో రక్తం లేదు, ఏం తింటోందని డాక్టరమ్మ అడిగితే, “కిలో అన్నం తింటుందండీ, మా ఇంట్లో తిండికేం తక్కువ?” అంది వెంకటరావమ్మ. అందులో అబద్ధమేమీ లేదు. ఆ హడావిడిలో ఆరు వందల కిలోమీటర్ల యాత్రకి వెళ్ళడం కుదరక శ్రీకృష్ణ మెడల్ తప్పిపోయింది. ఆ దెప్పుడు ఏడాది పొడుగునా సాగింది.

ఈ ఏడు మళ్ళీ ఆరు వందలొచ్చింది. మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న మాఘమాసం. మొదటిరోజు పళ్ళెం ఖాళీ చేసి మాధురి మొగుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన తూకం మిషను మీద నిలబడి ఉన్నాడు.

“ఈసారికి మీరే తినండి. నాకు నెల తప్పింది” అంది.

“ఎన్నాళ్ళయింది?”

“రెండో నెల.”

శ్రీకృష్ణ మిషను దిగి, మళ్ళీ ఎక్కి, అంకె చూసుకున్నాడు. “కిలో పెరిగాను. బాగా పడుతోంది. యాత్ర అయిపోనీ మాధురీ, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిను. రెండో నెలంటే ఇంకా చింతగింజంత ఉంటుంది, దానికేం కావాలి?”

“పోయినసారి కూడా...”

“పోయినసారి సంగతి ఎత్తకు. నీ మూలానే ఆగిపోయింది.”

తల్లితో కూడా చెప్పాడాయన. వెంకటరావమ్మ సంతోషించింది, పసుపు కుంకాలు పెట్టింది, మర్నాడు అరడజను అరటిపళ్ళు ఎక్కువ తెప్పించింది. కొడుకు కోసం.

రెండోరోజు సాయంత్రం మాధురి లంగా మీద నెత్తుటి మరక కనిపించింది. చిన్నదే. స్నానాలగదిలో గోడకి ఆనుకుని ఆమె చాలాసేపు నిలబడింది. భయమేసింది. పోయినేడు పోయినదాన్ని ఎలాగైనా నిలుపుకుందామని ఆస్పత్రి మంచం మీద ఎన్ని ముద్దలు మింగిందో ఆమెకే తెలుసు. ఒక్కటీ చేరలేదు. దానికి పేరు లేదు. ఉయ్యాల్లో వెయ్యకుండా పేరు పెట్టడం అరిష్టమని ఆమెకి చిన్నప్పటి నుంచీ చెప్పారు, ఆమె పెట్టలేదు. పేరు లేనివాళ్ళకి ముద్ద చేరదు.

యాత్ర రోజు తెల్లారగానే వెంకటరావమ్మ కొడుక్కి దిష్టి తీసి పంపింది. మూడు రోజుల అన్నం కండల్లో బిగించుకుని, జేబుల్లో ఏమీ లేకుండా, నీళ్ళసీసాలతో తేలిగ్గా బయల్దేరాడాయన. మళ్ళీ ఇంటికొచ్చేదాకా మాధురి ఆగకుండా తింటూ ఉండాలి. పళ్ళెం వచ్చింది, ఎదురుగా పీట వచ్చింది, అట్లకాడ వచ్చింది.

మాధురి మొదటి ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆగింది. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు. బతికి బయటపడేది ఎవరైతేనేం అనుకుని ఒక పేరు తలుచుకుంది. తేజశ్రీ.

“ఆయన ముద్ద” అని పైకి చెప్పి మింగింది.

బొడ్డు కింద గోరువెచ్చగా అయింది. ఇన్నేళ్ళలో తిన్న అన్నం తన ఒంట్లో ఎక్కడికో వెళ్ళిందని తెలియడం అదే మొదటిసారి. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

“ఏడుస్తూ తింటే వాడికి అజీర్తి చేసుద్ది, కళ్ళు తుడుచుకో” అంది వెంకటరావమ్మ.

మాధురి కళ్ళు తుడుచుకుని ఇంకో ముద్ద తిన్నది. ఆ తర్వాత ఇంకోటి. మధ్యలో ఏ పేరూ తలుచుకోకుండా తనకోసం కూడా కొన్ని తిన్నది. ప్రతి ముద్దకీ “ఆయన ముద్ద” అని చక్కగా పైకి అన్నది. ఇంత బుద్ధిగా తింటున్న కోడల్ని చూసి అత్తగారి మనసు కుదుటపడింది.

కండల్లో కూరుకున్నది శ్రీకృష్ణని అద్దంకి దాకా లాక్కెళ్ళింది. అక్కడ అయిపోయింది. ఫోను మోగేసరికి వెంకటరావమ్మ స్పీకరు నొక్కి పళ్ళెం పక్కన పెట్టింది.

“అమ్మా, అది తినడం లేదా?” గొంతు పీలగా ఉంది.

“తింటోంది నాయనా, నా కళ్ళెదురుగానే. పళ్ళెం సగం అయింది.”

“నాకేమీ రావట్లేదమ్మా. ఒక్క మెతుకు రావట్లేదు. కాళ్ళు వణుకుతున్నాయి. మాధురీ, నన్నే తలుచుకుంటున్నావా?”

“మిమ్మల్నేనండీ” అంది మాధురి. నోట్లో ముద్ద ఉంది.

ఫోనులోంచి గ్రానైటు లారీల రొద వినిపిస్తోంది. “పైకి అనమనమ్మా. నా పేరు పైకి చెప్పి మింగమను. ఇప్పుడే.”

వెంకటరావమ్మ బిత్తరపోయింది. “ఏం మాటరా అది? లారీల మధ్య రోడ్డు మీద ఉండి ఆడదాని నోట నీ పేరు అనిపిస్తావా? నీ ఆయుష్షు ఏం కావాలి?”

“ఆయుష్షు తర్వాత సంగతమ్మా, పడిపోతున్నాను...”

“నేనుండగా అనివ్వను. నువ్వు కానివ్వవే, మనసులో గట్టిగా తలుచుకో.”

“ఆయన ముద్ద” అంది మాధురి, ఫోనుకి వినపడేటట్టు. మింగింది. మరో ముద్ద కలిపింది. అవతల మొగుడు తన పేరు అనమని బతిమాలుతూనే ఉన్నాడు, ఇవతల తల్లి చెవులు మూసుకుంది. మాధురికి జాలి కలగలేదు. కలగనందుకు కొంచెం ఆశ్చర్యపడింది, అంతే.

కాసేపటికి ఫోనులో జయపాల్ మాట్లాడాడు. “చెల్లెమ్మా, వీడు కూలబడిపోయాడు. అరటిపండు పెడితే అలాగే బయటికొచ్చేసింది. ఒంగోలు ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం.”

“జాగ్రత్తగా తీసుకెళ్ళండి అన్నయ్యా” అని, మాధురి పళ్ళెంలో మిగిలిన మెతుకులు కూడా ఊడ్చుకుని తిన్నది.

ఒంగోల్లో గ్లూకోజు ఎక్కించారు. సూది తీయగానే ఎక్కినదంతా చెమటయి కారిపోయింది. పాలు పోస్తే నిలవలేదు, గంజి పోస్తే నిలవలేదు. ఏడాదిన్నర అలవాటు తప్పిన ఒళ్ళు తిండిని ఎలా పట్టుకోవాలో మరిచిపోయింది. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారు. జయపాల్, ఇంకో నలుగురూ కలిసి ఇంటి దగ్గర దించుతుంటే శ్రీకృష్ణ పత్తిబస్తా కన్నా తేలిగ్గా ఉన్నాడు. సైకిలు ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఎవడో ఎత్తుకుపోయాడు.

వెంకటరావమ్మ పీట వేసుకోలేదు. కోడలి బుగ్గల మీదికి వచ్చిన నునుపు చూసింది, నడుము చూసింది, ఎవరి ముద్దలు ఎక్కడికి వెళ్ళాయో అర్థం చేసుకుంది. పోయినేడు ఆవిడ కళ్ళు ఇంత చురుగ్గా పనిచెయ్యలేదు. పప్పు, గోంగూర, నెయ్యి, పండుమిరప పచ్చడి అన్నీ వడ్డించి పళ్ళెం తనే కోడలి ముందు పెట్టింది.

“పేరు పైకి అనవే. నేనే చెప్తున్నాను. గట్టిగా అను” అంది.

“వద్దులెండి అత్తయ్యా. ఆయుష్షు తగ్గుద్దిగా” అంది మాధురి, పచ్చడి కలుపుకుంటూ.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుందని డాక్టరమ్మ రెండుసార్లు తూచింది. ఉయ్యాల్లో వేసిన రోజున పురోహితుడు పేరడిగితే మాధురి ఆలోచించుకోకుండా చెప్పింది.

శ్రీకృష్ణ ఇప్పుడు భోజనాల వేళకి గోడ పట్టుకుని నడిచొచ్చి, పళ్ళెం ఎదురుగా అట్లకాడ పక్కన కూర్చుంటాడు. మాధురి చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని నింపాదిగా తింటుంది. తల్లీకొడుకులిద్దరూ ఆమె నోటివైపే చూస్తుంటారు. ఆమె మొదట పాపకోసం తింటుంది, తర్వాత తనకోసం తింటుంది. ఆఖరిది ఆయన ముద్ద. ఒక్కోరోజు అక్కడిదాకా రాకుండానే ఆమెకి కడుపు నిండిపోతుంది.